డీఎడ్ అయింది, కానీ గోండి పిల్లకు పాఠం ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. ఎక్కడ నేర్చుకోవాలి?

రేలపూత
మాది జైనూర్ వైపు గోండు గూడెం. ఇంటర్ అయ్యాక డీఈఈసెట్ (డీఎడ్ ఎంట్రన్స్) రాసి రెండేళ్లు డీఎడ్ చేశా. టెట్ కూడా అయిపోయింది. ఇప్పుడు అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి డీఎస్సీకి చదువుతున్నా. మా గూడెం పిల్లలకు, మా భాష తెలిసిన టీచర్‌గా పాఠం చెప్పాలన్నదే మొదటి నుంచీ నా కోరిక.

రెండేళ్లలో పిల్లల మనస్తత్వం మీద పియాజే చదివా, వైగోట్‌స్కీ చదివా, లెసన్ ప్లాన్లు నోటుబుక్కుల నిండా రాశా. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్ల మొదటి రోజు వచ్చి కూర్చుంటే ఏం చెయ్యాలో మాత్రం ఒక్క క్లాసులో చెప్పలేదు. టీచింగ్ ప్రాక్టీస్ సిటీలో బడికి వేశారు. లెసన్ ప్లాన్‌లో "పూర్వజ్ఞాన పరిశీలన" అని ఒక గడి ఉంటుంది. మా పిల్లల పూర్వజ్ఞానం గోండిలో ఉంటుంది కదా, దాన్ని ఎవరు పరిశీలిస్తారు?

నా సంగతే చెప్తా. ఒకటో తరగతిలో సార్ ఒక పెన్సిల్ పైకెత్తి "ఎన్ని?" అని అడిగారు. నాకు అర్థమైంది. గట్టిగా "ఉండి" అన్నా. గోండిలో ఉండి అంటే ఒకటి. "ఉండి? ఎక్కడ ఉండి? ఏం చేసి?" అన్నారు సార్. తెలుగు వచ్చిన పిల్లలు నవ్వారు. నేను చెప్పింది సరైన జవాబే. మూడో తరగతి దాకా మళ్లీ చెయ్యి ఎత్తలేదు.

కోచింగ్‌లో అడిగితే "ముందు ఉద్యోగం కొట్టమ్మా, భాష సంగతి తర్వాత" అన్నారు. ఇలాంటి పిల్లలకు చెప్పడం నేర్పే చోటు ఏదైనా ఉందా? లేకపోతే కోచింగ్ మానేసి గూడెం వెళ్లి పిల్లలతోనే నేర్చుకోనా?

తండా_టు_తార్నాక
చదువుతుంటే కడుపులో తిప్పింది చెల్లె. మా తండా పిల్లలదీ ఇదే కథ. లంబాడీలో అమ్మను "యాడి" అంటాం. ఏడుస్తూ "యాడి, యాడి" అంటుంటే కొత్తగా వచ్చిన టీచర్ "యాడ? ఎక్కడికి పోతావురా?" అని అడిగారు నన్ను.

డీఎస్సీ24_ఎస్‌జీటీ
కోచింగ్ మానకు. ఇది ముందు చెప్తున్నా, మిగతాది తర్వాత.

నాది నల్గొండ జిల్లా. 2024 డీఎస్సీలో వచ్చింది, ఆసిఫాబాద్ ఏజెన్సీలో పోస్టింగ్. సింగిల్ టీచర్ బడి. ఐదు తరగతులు, 23 మంది పిల్లలు, నేను ఒక్కడిని. అందులో పదిహేడు మంది గోండులు. నాకు గోండి ఒక్క ముక్క రాదు.

మొదటి వారంలో ఒకటో తరగతి పిల్లాడు లేచి "ఏర్, ఏర్" అని తలుపు వైపు చూపిస్తున్నాడు. బడి వెనక వాగు ఉంది. ఏటికి పోతానంటున్నాడు అనుకున్నా. వానాకాలం, వాగు నిండుగా ఉంది. భయమేసి "పోవద్దు, కూర్చో" అని గట్టిగా అరిచా. రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూర్చోబెట్టా. మధ్యాహ్నం వంట అమ్మ వచ్చి చెప్పింది, వాడు మంచినీళ్లు అడిగాడు అని. పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా వాడికి దాహం. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాకు వచ్చిన ట్రైనింగ్ ఐదు రోజులు, చిన్న తరగతుల చదువు కోసం సర్కారు పెట్టిన తొలిమెట్టు. బాగానే ఉంది, చదవడం రాయడం ఎలా మొదలుపెట్టాలో చెప్పారు. కానీ పిల్లకు తెలుగు వచ్చనే లెక్కతోనే అంతా సాగింది. నీలాంటి టీచర్ నా పక్కన ఉంటే వాడు నీళ్లు తాగేవాడు. అందుకే చెప్తున్నా, పోస్టు కొట్టు.

సూటిగా_చెప్తా
అందరూ ఎమోషనల్ అవుతున్నారు, ఒక మాట చెప్పనివ్వండి. మా నాన్న ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. నేను తెలుగు మీడియంలో చదివి ఇంటర్వ్యూల్లో నోరు పెగలక మూడేళ్లు పోగొట్టుకున్నా. రేపు ఆ గోండు పిల్ల కూడా హైదరాబాదే రావాలి కదా? గోండిలో చెప్తే ఇక్కడ ఏం చేస్తుంది? వాళ్ల అమ్మానాన్నలే ఇంగ్లీష్ మీడియం కావాలంటున్నారు. ఉన్న టైం తెలుగుకి, ఇంగ్లీషుకి పెట్టండి. నా మాట తప్పయితే చెప్పండి, వింటా.

ఇప్పచెట్టు_కింద
సూటిగా గారూ, మీ బాధ అర్థమైంది. మాది భద్రాచలం వైపు, కోయ ఇల్లు, నేను 16 ఏళ్లుగా టీచర్‌ని. ఎవరూ గోండిలోనో కోయలోనో పదో తరగతి దాకా చెప్పమనడం లేదు. మొదటి రెండేళ్లు పిల్ల నోరు మూతపడకుండా చూడమంటున్నాం. నోరు మూతపడ్డ పిల్లకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఇంటర్వ్యూలో మీ నోరు పెగల్లేదన్నారే, ఆ పిల్లకు అది ఆరేళ్లకే జరుగుతోంది.

ఇప్పుడు ఇంకో చిక్కు. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మా కోయ పిల్లకు రెండు పేజీలూ పరాయివే. మధ్యలో టీచర్ నోటి మాట ఒక్కటే దిక్కు.

సూటిగా_చెప్తా
ఆరేళ్లకే అన్న మాట తగిలింది. ఆలోచిస్తా.

పాత_టీటీసీ_బ్యాచ్
రిటైరయ్యాను, రామంతాపూర్‌లో ఉంటున్నాను. అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు మీ ఊరి దగ్గరే ఉంది తల్లీ, జైనూర్ మండలంలోనే. మార్లవాయి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పెట్టుకుంది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండులకు భూమి పట్టాలు ఇప్పించిన సంగతి అందరికీ తెలుసు. బడి సంగతి తక్కువ మందికి తెలుసు. 1943లో గోండు విద్యా పథకం మొదలైంది. బడి పెట్టాలంటే టీచర్లు కావాలి. బయటి నుంచి తేలేదు. కొద్దిగా చదువు వచ్చిన గోండు యువకులను పోగు చేసి, మార్లవాయిలోనే ట్రైనింగ్ సెంటర్ పెట్టి, వాళ్లనే టీచర్లను చేశారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చు వేయించారు. పిల్లలు ముందు గోండిలో చదివి, ఆ తర్వాత పెద్ద భాషలకు వెళ్లారు. అదే సెంటర్లో పట్వారీ లాంటి పనులకు కూడా గోండు పిల్లగాళ్లను తయారు చేశారు.

అంటే ఎనభై ఏళ్ల కిందట, కరెంటు లేని గూడెంలో, గోండుల కోసం, గోండులతో, గోండిలో టీచర్ ట్రైనింగ్ జరిగింది. మనం ఇప్పుడు కొత్తగా అడుగుతున్నదేమీ కాదు. ఒకప్పుడు ఉన్నదాన్ని మళ్లీ అడుగుతున్నాం.

బెట్టీ గారి సమాధి మార్లవాయిలోనే ఉంది. జనవరి 11న ఊరంతా అక్కడ చేరతారు. నేను మూడుసార్లు వెళ్లాను.

రేలపూత
సార్, ఆ సమాధి దగ్గర చిన్నప్పుడు ఆడుకున్నాం. జనవరి 11న అన్నం పెడతారని వెళ్లేవాళ్లం. టీచర్ ట్రైనింగ్ అక్కడ జరిగిందని ఈ రోజు మీరు చెప్తే తెలిసింది. డీఎడ్‌లో భారత విద్యా చరిత్ర ఒక పేపర్ ఉంది. అందులో వుడ్ తాఖీదు ఉంది, హంటర్ కమిషన్ ఉంది. మార్లవాయి లేదు.

మాసబ్‌ట్యాంక్_వాకర్
పాత టీటీసీ గారికి దండం. రేలపూత గారూ, మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక ఆదివారం కాకుండా మామూలు రోజు మాసబ్‌ట్యాంక్ వెళ్లండి. సంక్షేమ భవన్ ఆవరణలో గిరిజన పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. మ్యూజియం ఉంది, లైబ్రరీ ఉంది. గోండు, కోయ, కోలాం, తోటి తెగల మీద పాత రిపోర్టులు దొరుకుతాయి. నేను మధ్యాహ్నాలు అక్కడ కూర్చుంటా. అది టీచర్ ట్రైనింగ్ కాదు, కానీ మీ పాఠానికి కావాల్సిన సరుకు అక్కడ ఉంది.

ఇంకోటి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో దళిత ఆదివాసీ అధ్యయన కేంద్రం వాళ్లు, ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు గారు నార్నూర్ మండలం గుంజాలలో పెద్దల దగ్గర ఉన్న గోండి రాతప్రతులను వెలుగులోకి తెచ్చారు. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి (కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టికలోకి) కూడా వచ్చింది. అంటే మీ భాషను మీ అక్షరాల్లో ఫోన్లో టైప్ చేసుకునే వీలు ఉంది.

తండా_టు_తార్నాక
లిపి దగ్గరే నాకు డౌట్. గోండికి గుంజాల లిపి ఒకటి, 1918లో మంగళ్ సింగ్ మసారాం తయారుచేసిన లిపి ఒకటి, దేవనాగరి, తెలుగు. ఆరేళ్ల పిల్లకు ఏది నేర్పుతారు? పిల్ల భాష కోసం మొదలుపెట్టి లిపి కొట్లాటలో ఆగిపోతామేమో.

ఇప్పచెట్టు_కింద
నా అనుభవం: తెలుగు లిపే పెట్టండి మొదట్లో. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య అని మొదలుపెట్టారు. ఎనిమిది భాషలు: గోండి, కోయ, కోలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. 240 బళ్లలో మొదలు. వాచకాలు తెలుగు లిపిలోనే. పిల్ల కోయలో "ఏరు" అని చదివి, అవే అక్షరాలతో తర్వాత తెలుగు చదువుతుంది. ఒకసారి నేర్చుకున్న అక్షరం రెండుసార్లు పనికొస్తుంది.

అప్పుడు నేను ఇంటర్ అయి వాలంటీర్‌గా చేరా. వాచకం తయారీ వర్క్‌షాప్‌కి మా తాతను తీసుకెళ్లా. చదువు రాని మనిషి, చుట్టూ ప్రొఫెసర్లు. "విత్తనం పాఠం"లో బొమ్మ చూసి, "ఈ విత్తులు చల్లే రోజు ఇట్ల చల్లరు, ముందు భూమి పండగ చెయ్యాలె, పూజ కాకుండా విత్తు తాకరు" అన్నాడు. పాఠం మొత్తం తిరగరాశారు. ట్రైనింగ్ అంటే నాకు అదే మొదటి పాఠం.

తర్వాత ఏమైందంటారా? మా మండలంలో నేర్చుకున్న టీచర్లు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన వాళ్లకు భాష రాదు. వాచకాలు బీరువాలో పడ్డాయి. పుస్తకం వేస్తే సరిపోదు, భాష వచ్చిన మనిషి ఆ బళ్లో నిలబడాలి.

గుంజాల_మనవడు
తెలుగు లిపే పెట్టమనడం నాకు నచ్చలేదు ఇప్పచెట్టు గారూ. మా తాత ఇంట్లో ఆ రాతప్రతులు ఉండేవి. చేతికి ఇచ్చేవాడు కాదు, కళ్లతో చూడనిచ్చేవాడు. మా భాషకు లిపి లేదని బళ్లో చెప్పారు, నేను ఇంట్లో లిపి చూశా. ఎవరిని నమ్మాలి? పిల్లకు తెలుగు అక్షరాలతో గోండి చెప్పండి, సరే. కానీ గోడ మీద మా అక్షరాలు కూడా ఉండాలి. తమకూ అక్షరాలు ఉన్నాయని ఆ పిల్లకు తెలియాలి.

ఇప్పచెట్టు_కింద
గోడ మీద ఉండాలి. ఒప్పుకుంటున్నా తమ్ముడూ.

నేరెడ్‌మెట్_నోట్స్
డైట్‌లో, అంటే డీఎడ్ చెప్పే జిల్లా సర్కారు కాలేజీలో, పాఠాలు చెప్పినదాన్ని, కాబట్టి మా వైపు మాట కూడా చెప్పాలి. సిలబస్‌లో బహుభాషా తరగతి గురించి ఒక యూనిట్ ఉంటుంది. అందులో ఉదాహరణలన్నీ తెలుగు-ఇంగ్లీషు, తెలుగు-ఉర్దూ. నేను కూడా అవే చెప్పాను. నాకు గోండి రాదు, కోయ రాదు. నా క్లాసులో ఇద్దరు ముగ్గురు ఆదివాసీ పిల్లలు వెనక బెంచీలో కూర్చునేవాళ్లు. ఒక్కసారైనా ముందుకు పిలిచి "మీ భాషలో చెప్పు, మేం పిల్లల్లా కూర్చుని వింటాం" అనలేదు. ఈ థ్రెడ్ చదివాక అది నన్ను వదలడం లేదు. అలా చేస్తే క్లాసులో మిగతా నలభై మందికి అర్థంకాని భాషలో కూర్చోవడం ఎలా ఉంటుందో పది నిమిషాల్లో తెలిసేది.

రూల్స్ సంగతి కూడా చెప్తా: టెట్ పేపర్-1లో 150 మార్కులు. మొదటి భాష 30 మార్కులు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, ఇంకొన్ని ఎంచుకోవచ్చు. గోండి, కోయ, లంబాడీ ఆ జాబితాలో లేవు. రాజ్యాంగం 350ఏ అధికరణ మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చెయ్యమంటుంది. కానీ టీచర్ ఆ భాష వచ్చని చూపించుకోవడానికి పరీక్షలో చోటే లేదు. 2011 లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. 2003లో బోడో, సంతాలీ రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లోకి వచ్చాయి. గోండి ఇంకా రాలేదు.

లా_చదువుతున్నా
రూల్స్ మాట వచ్చింది కాబట్టి, 3 నంబరు జీవో గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన జీవో. షెడ్యూల్డ్ ఏరియా బళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ 100 శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. అప్పటిదాకా చేరినవాళ్ల ఉద్యోగాలు కదపలేదు. కొత్తవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. డీఎస్సీ24 అన్నకు ఏజెన్సీలో పోస్టింగ్ రావడం వెనక కథ ఇదే.

డీఎస్సీ24_ఎస్‌జీటీ
అవును, నాకు తెలుసు. మా గూడెం పెద్దాయన ఒకాయన మొదటి రోజే అడిగాడు, "మా పిల్లగాళ్లు డీఎడ్ చేసి ఇంట్ల ఉన్నరు, నువ్వు వచ్చినవు" అని. కోపంగా అనలేదు. నా దగ్గర జవాబు లేదు. ర్యాంకు నాదే, కష్టపడి చదివా. అయినా ఆయన మాట నిజం.

తండా_టు_తార్నాక
ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. 2017లో ఆదిలాబాద్‌లో లంబాడీ టీచర్లు వద్దని గొడవలు అయ్యాయి. మా బాబాయ్ అప్పుడు అక్కడే…

వేదిక_నిర్వాహకుడు
ఆ విషయం పెద్దది, రెండు వైపులా గాయాలు ఉన్నాయి. వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ రేలపూత గారి ప్రశ్న మీదే ఉండండి.

తండా_టు_తార్నాక
సరే అన్నా. ఒక్క వాక్యం చెప్పి ఆపేస్తా: మా బాబాయ్ గోండి నేర్చుకుని తొమ్మిదేళ్లు ఆ ఊళ్లో చెప్పాడు, ఊరు ఆయన్ని వెళ్లగొట్టలేదు.

బీఎడ్_భ్రమరాంబ
నేను బీఎడ్ చేశా. గూడెం బళ్లలో ఒకటి నుంచి ఐదుకి చెప్పొచ్చా?

లా_చదువుతున్నా
సర్కారు ఎస్‌జీటీ (ప్రాథమిక బడి టీచర్) పోస్టుకి కాదు అక్కా. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది, ప్రాథమిక తరగతులకు డీఎడ్ ఉండాలి, బీఎడ్ సరిపోదు అని. డీఈఈసెట్‌కి ఇంటర్లో 50 శాతం, ఎస్సీ ఎస్టీలకు 45 శాతం మార్కులు ఉండాలి.

బీఎడ్_భ్రమరాంబ
థ్యాంక్స్ తమ్ముడూ. టెన్షన్ పెట్టావు కానీ తెలిసింది మంచిదే.

కోలాం_గూడెం
మేం కోలాములం. మా పిల్ల ఇంట్లో కోలామి మాట్లాడుతుంది, పక్క గూడెం వాళ్లతో గోండి, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. అందరూ గోండి, కోయ అంటున్నారు. మమ్మల్ని కూడా గుర్తుపెట్టుకోండి.

రేలపూత
అన్నా, మా బళ్లో కూడా ఇద్దరు కోలాం పిల్లలు ఉండేవాళ్లు. వాళ్లు మాతో గోండి మాట్లాడేవాళ్లు, మేం ఒక్కరం కూడా వాళ్ల కోలామి నేర్చుకోలేదు. తప్పే.

మాసబ్‌ట్యాంక్_వాకర్
న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో కోహంగా రియో అని మొదలుపెట్టారు, భాషా గూడు అని అర్థం. బడికి పోయే వయసు కూడా రాని పిల్లల్ని అమ్మమ్మల, తాతల మధ్య కూర్చోబెట్టి మావోరీలోనే మాట్లాడారు. మన దగ్గర ఒడిశా 2007లో పది ఆదివాసీ భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. రేలపూత గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే: సగం ట్రైనింగ్ కాలేజీలో ఉంది, మిగతా సగం గూడెంలో పెద్దల దగ్గర ఉంది. రెండో సగానికి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి అది చదువు కాదనుకుంటున్నాం.

పాత_టీటీసీ_బ్యాచ్
ఆ రెండో సగం ఎలా ఉంటుందో చెప్తాను. ఉట్నూర్ వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేశాను. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర. నాలుగు రోజులు బళ్లో పిల్లలు ఉండరు. మొదటి ఏడాది అందరికీ ఆబ్సెంట్ వేశాను. రెండో ఏడాది నేనే వాళ్ల వెంట వెళ్లాను. జాతర జరిపే మెస్రం వంశం వాళ్లు హస్తినమడుగు నుంచి గోదావరి జలం కాలినడకన తెస్తారు. ఎన్ని రోజులు, ఎన్ని ఊళ్లు, ఏ దారి, ఎక్కడ మజిలీ, ఒక నాలుగో తరగతి పిల్లాడు పొల్లు పోకుండా చెప్పాడు. వాడికి పరిసరాల విజ్ఞానంలో ఆరు మార్కులే వేసి ఉన్నాను నేను. తిరిగొచ్చాక నేల మీద సుద్దముక్కతో ఆ దారి గీయమన్నాను. మ్యాపు పాఠం అక్కడే అయిపోయింది. దిక్కులు, దూరం, నది, గుర్తులు, అన్నీ వచ్చేశాయి.

అలాగే గోండుల కథలు పాడే పర్ధాన్ తెగ పెద్దాయన కికిరి (తీగల వాద్యం) వాయిస్తూ కథ చెప్తే పిల్లలు రెండు గంటలు కదలరు. నేను పాఠం చెప్తే పది నిమిషాలు. ఆయన్ని బడికి పిలిచాను. మా హెడ్‌మాస్టర్ ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఆయనే కుర్చీ వేశారు.

గుంజాల_మనవడు
సార్ చెప్పింది వింటే నా దగ్గర ఒకటి ఉంది. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు (వంశాల గుంపులు) ఉంటాయి కదా. ప్రతి పిల్లకు తనది ఎన్ని దేవుళ్ల సగో తెలుసు. దాంతో అంకెలు, సమితులు చెప్పొచ్చు.

డీఎస్సీ24_ఎస్‌జీటీ
బాగుంది, కానీ నాకు భయం. నా బళ్లో గోండులతో పాటు వేరే పిల్లలూ ఉన్నారు. సగల పేరుతో పిల్లల్ని గుంపులు చేస్తే వాళ్లు పక్కకు అయిపోతారు. బయటివాడిని, నేను చేస్తే అస్సలు బాగోదు.

రేలపూత
సార్ చెప్పింది నిజం. అది నేనైతే చెయ్యగలను, అదీ ఊరి పెద్ద పటేల్‌ని, పూజారి దేవారిని అడిగి. సగ అంటే మాకు దేవుడు, పెళ్లి, చావు అన్నీ. అంకెల ఆటకు ఇప్పగింజలు చాలు.

సూటిగా_చెప్తా
రెండు రోజులు ఆలోచించా. నాది పూర్తిగా తప్పు అనను, ఇంగ్లీషు కావాలి అనే మాట మీద ఇప్పటికీ ఉన్నా. కానీ మొదట పిల్ల నోరు తెరవాలి, ఆ తర్వాతే ఏ భాషైనా అన్నది ఒప్పుకుంటున్నా. రేలపూత గారూ, మీరు రోజూ రాత్రి ఇంగ్లీష్ గ్రామర్ కోసం ఇబ్బంది పడుతుంటే నాకు మెసేజ్ చెయ్యండి, డీఎస్సీ దాకా ఫ్రీగా చెప్తా.

రేలపూత
చేస్తా అన్నా. ఇంగ్లీషే నాకు వీక్.

అందరూ చెప్పింది విన్నా. కోచింగ్ మానడం లేదు. డీఎస్సీ24 సార్ దగ్గర నీళ్లడిగిన పిల్లాడు నన్ను ఇక్కడే కూర్చోబెట్టాడు. కానీ రెండు వారాలకోసారి శుక్రవారం రాత్రి జేబీఎస్‌లో బస్సెక్కుతా. మొన్న వెళ్లా. మా అమ్మమ్మ వసారాలో పదకొండు మంది పిల్లలు వచ్చారు. నేను పాఠం చెప్పలేదు, అమ్మమ్మను మాట్లాడమన్నా. ఆమె గొంగళి మీద ఇప్పగింజలు పోసి పిల్లలతో కుప్పలు పెట్టించింది. ఎవరి కుప్ప ఎంతో వాళ్లే చెప్పాలి. నేను పక్కన కూర్చుని అన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నా. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్. ఒక పిల్ల లెక్క తప్పితే అమ్మమ్మ "కాదు" అనలేదు, ఆ కుప్ప మళ్లీ ఆ పిల్ల చేతిలోనే పోసింది. మళ్లీ లెక్కపెట్టుకుంది. రెండేళ్ల డీఎడ్‌లో దీన్ని ఏదో పేరుతో చదివా, చూడటం ఇదే మొదటిసారి.

నేరెడ్‌మెట్_నోట్స్
రేలపూతా, ఇవన్నీ తేదీలతో రాసి పెట్టు తల్లీ. నా పాత క్లాసులకు ఇప్పుడు చెప్తున్నవాళ్లకు చూపిస్తాను. ఒక రోజు నువ్వు వచ్చి వాళ్లకు పూర్తిగా గోండిలో పది నిమిషాల పాఠం చెప్పాలి. నేను వెనక బెంచీలో కూర్చుంటాను.

రేలపూత
తప్పకుండా మేడం.

డీఎస్సీ24_ఎస్‌జీటీ
ఇవాళ బళ్లో జరిగింది చెప్పాలి. నీ పోస్టు చదివి వంట అమ్మతో ఇప్పగింజలు తెప్పించా. ఒకటి చేతిలో పెట్టి "ఎన్ని?" అన్నా. ఆ నీళ్ల పిల్లాడే "ఉండి" అన్నాడు. బోర్డు మీద 1 వేసి, పక్కన "ఉండి" అని రాసి, దాని కింద "ఒకటి" అని రాశా. వాడు బోర్డు దగ్గరికి వచ్చి అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. ఆ తర్వాత క్లాసంతా అరుపులే. ఆరు దాకా ఒక్క గొంతుతో చెప్పారు. ఏడు దగ్గర కొట్లాట మొదలైంది. సగం మంది "ఏడుంగ్" అంటున్నారు, సగం మంది "ఏరుంగ్" అంటున్నారు. చార్టు మీద ఏది రాయాలి? రేపటికి కావాలి.

రేలపూత
రెండూ రాయండి సార్. ఎవరింటి మాట వాళ్లది. ఎనిమిది నుంచి మీరు చెప్పకండి, ఇంటికెళ్లి అమ్మమ్మలను అడిగి రమ్మనండి.

కోలాం_గూడెం
సార్, చార్టులో పక్కన ఇంకో వరస ఖాళీగా వదలండి. మాకు నాలుగు దాకా మా అంకెలు ఉన్నాయి, ఐదు నుంచి తెలుగువే వాడతాం. మా అమ్మతో చెప్పించి రాత్రికి వాయిస్ పంపుతా.